నమ్మదగని కథకుడు, 4వ పాఠం: బ్లాకౌట్‌కు ముందూ వెనకా

పోయిన పాఠంలో ఇద్దరు కథకుల్ని పక్కపక్కన పెట్టి చూశాం. ఒకడు కావాలనే మనకు అబద్ధం చెప్తాడు. రెండోవాడు ముందు తనకు తానే అబద్ధం చెప్పుకుని, తర్వాత అదే మనకు వినిపిస్తాడు. అభ్యాసంగా మీరు ఆడుతున్న ఆటలోంచి కథకుడి మాటలు కొన్ని రాసుకుని, ఒక్కోదాని పక్కన ‘ఈ సంగతి ఇతనికెలా తెలుసు?’ అని ప్రశ్న వేసుకోమన్నాను. చేసినవాళ్లకు ఒకటి తగిలే ఉంటుంది. చాలా వాక్యాలకు జవాబు ఇట్టే దొరుకుతుంది, ఎక్కడో రెండు మూడింటి దగ్గర కలం ఆగిపోతుంది. అలా ఆగిపోయేవాటిలో మొదటిది ‘ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తులేదు.’ ఇలా జ్ఞాపకంలో పడే ఖాళీనే బ్లాకౌట్ అంటున్నాం. ఈ పాఠమంతా ఆ ఒక్క వాక్యం మీదే.

డార్క్ స్టోరీ గేములు ఆడేవాళ్లకు ఇది పాత చుట్టమే. హీరోకు కళ్లు తిరుగుతాయి, తెర నల్లబడుతుంది, మళ్లీ వెలుగొచ్చేసరికి చేతికి రక్తం. ఆడేవాళ్లం వెంటనే రెండు జట్లుగా చీలిపోతాం. ‘వీడే చేశాడు’ అని ఒక జట్టు, ‘పాపం, వీడికేం తెలుసు’ అని ఇంకో జట్టు. రెండూ తొందరపాటే. ఆ నల్లటి నిమిషంలో ఏముందో మనకు చూపించలేదు, కాబట్టి దాన్ని పట్టుకుని ఎంత వాదించినా ఊహే. చూపించినదంతా దానికి కాస్త ముందూ, కాస్త వెనకా ఉంటుంది. తీర్పుకు పనికొచ్చే సరుకూ అక్కడే ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఈ పాఠంలో సైలెంట్ హిల్ 2, హెవీ రెయిన్, ఫారెన్‌హీట్, ఆమ్నీషియా: ద డార్క్ డిసెంట్, డిస్కో ఎలీజియం ఆటల అసలు గుట్టు బయటపెడుతున్నాను. వీటిలో ఏదైనా ఆడే ఉద్దేశం ఉంటే ముందు ఆడి రండి. పాఠం ఎక్కడికీ పోదు.

చీకట్లో ఉన్నది ఎవరు?

తెర నల్లబడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇప్పుడు ఏం జరిగిందో తెలియనిది ఎవరికి? పాత్రకా, కథ చెప్తున్న గొంతుకా, ఆడుతున్న మనకా? ముగ్గురికీ ఒకేసారి తెలియకుండా పోవడం నిజానికి తక్కువ.

దీనికి హెవీ రెయిన్‌ను మించిన ఉదాహరణ లేదు. 2010లో వచ్చిన ఈ ఆటలో మనం నలుగురు మనుషుల్ని మార్చి మార్చి ఆడతాం. వాళ్లలో ఈథన్ మార్స్ ఒక తండ్రి. పెద్ద కొడుకు కారు ప్రమాదంలో పోయాడు, ఈథన్ ఆరు నెలలు కోమాలో ఉండి లేచాడు. అప్పట్నుంచీ అతనికి బ్లాకౌట్లు. పార్కులో రెండో కొడుకుతో ఉండగా ఒకటి వస్తుంది. తేరుకునేసరికి వేరే వీధిలో నిలబడి ఉంటాడు, చేతిలో కాగితం మడిచి చేసిన బొమ్మ, కొడుకు కనపడడు. ఊళ్లో పిల్లల్ని చంపుతున్న హంతకుడు వదిలి వెళ్లేది కూడా సరిగ్గా అలాంటి కాగితపు బొమ్మే. ఇక్కడ పాత్రకూ తెలియదు, మనకూ తెలియదు. అనుమానమంతా ఈథన్ మీదికే పోతుంది. ‘నేనే చేస్తున్నానేమో’ అని అతనికే అనుమానం.

అదే ఆటలో స్కాట్ షెల్బీ అనే ప్రైవేట్ డిటెక్టివ్ ఉన్నాడు. అతనికి ఏ బ్లాకౌటూ లేదు. పాత సామాన్ల దుకాణంలో మ్యాన్‌ఫ్రెడ్ అనే పెద్దాయన దగ్గరికి వెళ్తాడు. కాసేపటికి వెనక గదిలో ఆయన శవమై కనపడతాడు. చంపింది షెల్బీయే. ఆ కొద్దిసేపటి మీద మనకు తెర వేసేశారు, అంతే. ఆ ముక్క షెల్బీకి గుర్తుంది. గుర్తులేనిది మనకు, ఎందుకంటే మనం దాన్ని చూడనే లేదు. పిల్లల్ని చంపుతున్న అసలు హంతకుడూ అతనే.

అంటే ఒకే ఆటలో రెండు ఖాళీలు. మొదటిది పాత్ర జ్ఞాపకంలో ఉంది, రెండోది ఎడిటింగ్‌లో ఉంది. మొదటిదాన్ని పెద్ద సంగీతంతో, ఊగే కెమెరాతో డప్పు కొట్టి చూపిస్తారు. రెండోదాన్ని చడీచప్పుడు లేకుండా దాటించేస్తారు. కాబట్టి ఆట ఏ ఖాళీని వేలుపెట్టి చూపిస్తోందో దాని మీద కన్నా, ఏది చూపించకుండా జరిపేస్తోందో దాని మీద ఎక్కువ కన్నేయండి. సమయం మారినా, స్థలం మారినా ‘మధ్యలో నేను చూడనిది ఎంతసేపు?’ అని లెక్క కట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. హెవీ రెయిన్ ఈ విషయంలో ఆట నియమం తప్పింది. ఆ ఆటలో బటన్ నొక్కితే పాత్ర మనసులో మాటలు వినొచ్చు. షెల్బీ మనసులో మాటలు మాత్రం హంతకుడి మనసులో ఉండాల్సినవి కావు. ఇంకా పెద్ద లోపం ఏంటంటే, ఈథన్ బ్లాకౌట్లకూ చేతిలో కాగితపు బొమ్మకూ చివరిదాకా సరైన సమాధానం రాదు. మనల్ని తప్పుదారి పట్టించడానికి పెట్టారు, పని అయిపోయాక వదిలేశారు. మంచి రచన ఇలా చేయదు. రెండోసారి ఆడినప్పుడు ‘అరె, ఇక్కడే చెప్పాడు కదా’ అనిపించాలి. ‘ఇక్కడ మోసం చేశాడు’ అనిపిస్తే ఆ కథకుడు నమ్మదగనివాడని కాదు, రచయిత లెక్క తప్పాడని. ఈ తేడా తెలియకపోతే లేని లోతు కోసం గంటల తరబడి తవ్వుతాం.

సైలెంట్ హిల్ 2 (2001) పద్ధతి వేరు. జేమ్స్ సండర్లాండ్‌కు మూడేళ్ల కిందట చనిపోయిన భార్య మేరీ నుంచి ఉత్తరం వస్తుంది, ఆమెను వెతుక్కుంటూ ఆ ఊరికి వెళ్తాడు. బ్లాకౌట్ అని పిలవదగ్గ దృశ్యమే ఉండదు. జ్ఞాపకంలో పెద్ద గొయ్యి ఉంది, దాని మీద ‘మూడేళ్ల కిందట జబ్బుచేసి చనిపోయింది’ అనే వాక్యాన్ని చాపలా పరిచేశాడు. మనం ఆ చాప మీదే నడుస్తుంటాం. లారా అనే చిన్నపిల్ల ఆస్పత్రిలో ఎదురై, మేరీతో పోయిన ఏడాది స్నేహమైందని చెప్తుంది. జేమ్స్ ఆ పిల్లను అబద్ధాలకోరు అంటాడు. ఆడేటప్పుడు చాలామంది ఈ మాటను ఆ వింత ఊరి మాయల్లో ఒకటిగా తీసుకుని ముందుకు పోతారు. ఆ పిల్లకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది? ఆ ఊళ్లో జేమ్స్‌కు కనపడే రాక్షసులు కూడా ఆమెకు కనపడరు. కథలో నమ్మదగిన సాక్షి ఎవరైనా ఉంటే ఆ పిల్లే. చివరికి హోటల్ 312వ గదిలో వీడియో టేపు చూశాక తెలుస్తుంది, జబ్బుతో ఉన్న భార్య ముఖం మీద దిండు అదిమి చంపింది జేమ్సేనని.

మెదడులో జరిగేది ఇది

కథల్లో బ్లాకౌట్‌ను తాళం వేసిన గదిలా వాడతారు. తాళం దొరికితే జ్ఞాపకం మొత్తం సినిమాలా తిరిగొస్తుంది. అసలు సంగతి తెలిస్తే ఏ ఆట నిజాన్ని వాడుకుంటోందో, ఏది సౌకర్యం కోసం కల్పించుకుంటోందో పట్టుకోవచ్చు.

అతిగా తాగినప్పుడు వచ్చే బ్లాకౌట్‌లో మనిషి స్పృహలోనే ఉంటాడు. నడుస్తాడు, మాట్లాడతాడు, కొట్లాడతాడు, బండి కూడా నడుపుతాడు. అప్పటికప్పుడు విన్నది కాసేపు గుర్తుపెట్టుకుని జవాబూ ఇస్తాడు. జరుగుతున్నదాన్ని దీర్ఘకాల జ్ఞాపకంగా మార్చే హిప్పోక్యాంపస్ మాత్రం తన పని ఆపేస్తుంది. ఎదుటివాళ్లకు ఆ మనిషి బ్లాకౌట్‌లో ఉన్నాడన్న సంగతి తెలియకపోవచ్చు కూడా. మనోవైద్యుడు డొనాల్డ్ గుడ్విన్ బృందం 1969లో తాగుడు సమస్యతో ఆస్పత్రిలో చేరిన 100 మందితో మాట్లాడి, ఇందులో రెండు రకాలున్నాయని చెప్పింది. ఒకటి, కొంత సమయం మొత్తంగా ఎగిరిపోవడం. రెండోది, ముక్కలు ముక్కలుగా మిగలడం. ముక్కలుగా మిగిలినదైతే ఎవరో గుర్తుచేసినప్పుడు కొంత కొంత తడుతుంది. మొత్తంగా పోయినదైతే తిరిగి రాదు. దాచిపెట్టి ఉంటే కదా తిరిగి రావడానికి, అది తయారే కాలేదు.

కాబట్టి తాగి బ్లాకౌట్ అయిన కథకుడికి క్లైమాక్స్‌లో ప్రతి మాటా, ప్రతి దెబ్బా స్పష్టంగా గుర్తొచ్చేస్తే కాస్త ఆగండి. మూడు అవకాశాలున్నాయి. ఒకటి, రచయిత వైద్యం పట్టించుకోలేదు. రెండు, కథకుడికి మొదట్నుంచీ గుర్తుంది. మూడోది ఆటల్లో అరుదుగా వాడతారు గానీ నాకు చాలా ఇష్టం: గుర్తొచ్చిందని అతననుకుంటున్నది అతని బుర్ర ఇప్పుడు అల్లినదే.

మూడోదాన్ని తేలిగ్గా తీసేయొద్దు. మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ 1974లో కొందరికి కారు ప్రమాదం వీడియో చూపించి, కార్లు గుద్దుకున్నప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయని అడిగారు. కొందరి దగ్గర మామూలు మాట వాడారు, కొందరి దగ్గర నుజ్జయ్యేలా గుద్దుకున్నాయనే అర్థం వచ్చే మాట వాడారు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అని అడిగితే, గట్టి మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, మామూలు మాట విన్న 50 మందిలో 7 మంది చూశామన్నారు. వీడియోలో పగిలిన గాజే లేదు. ఒక్క మాటకే ఇంత జరిగితే, ‘నువ్వే చంపావు, గుర్తు తెచ్చుకో’ అని గంటలకొద్దీ ఒత్తిడి చేసే పాత్ర ఎదురుగా ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఆటలో నేరం ఒప్పుకోలు వినపడినప్పుడు, దానికి ముందు ఆ కథకుడికి ఎవరు ఏమేం చెప్పారో వెనక్కి వెళ్లి చూడండి. ఒప్పుకోలులో ఉన్న ప్రతి వివరం ముందే ఇంకొకరి నోట వచ్చి ఉంటే అది జ్ఞాపకం కాకపోవచ్చు.

జ్ఞాపకం లేనిచోట మెదడు తనకు తెలియకుండానే ఏదో ఒకటి పూరించి, అదే నిజమని నమ్మడాన్ని కన్‌ఫ్యాబులేషన్ అంటారు. అబద్ధం చెప్పేవాడికి నిజం తెలుసు. ఇతనికి తెలియదు. మన కథకుడు ఈ రెండిట్లో ఎటువైపు ఉన్నాడో తేల్చడమే ఈ పాఠంలో అసలు పని. అది చేతులతో చేసి చూద్దాం.

ఒక పొద్దున, కొన్ని వాక్యాలు

ఇది ఏ ఆటలోదీ కాదు, పాఠం కోసం నేను రాసుకున్న ముక్క. ఆట మొదలవగానే కథకుడి గొంతులో వినపడుతుంది అనుకోండి:

‘లేచేసరికి సోఫాలో ఉన్నాను. రాత్రి తొమ్మిదింటికి నిద్రమాత్ర వేసుకుని మంచం మీద పడుకున్నాను, అది మాత్రం బాగా గుర్తుంది. తలుపు దగ్గర బూట్లు తడిగా ఉన్నాయి. రాత్రి వాన పడినట్టుంది. ముంజేతి మీద మూడు గీతలు. పిల్లి పని. తమ్ముడి గది తలుపు వేసి ఉంది. ఆదివారం కదా, లేటుగా లేస్తాడు. మేమేం గొడవపడలేదు. ఈసారి కారు తాళాలు ఎక్కడ పడేశానో.’

ఆ గదిలో మనం నొక్కి చూడగలిగినవి ఇవి. కిటికీ: ‘పెరట్లో మట్టి పొడిగా ఉంది.’ మూలన గిన్నె: ‘దుమ్ము పట్టింది, కడగాలి.’ ఫోన్: చార్జింగ్ 4 శాతం, సోమవారం. తమ్ముడి తలుపు మొదటిసారి నొక్కితే ‘పడుకోనీ’, రెండోసారి ‘తర్వాత’. మూడోసారి నొక్కితే ఏ మాటా రాదు, కర్సర్ కూడా మారదు.

ఇప్పుడు నోట్‌బుక్ తీసి కథకుడి వాక్యాల్ని విడదీయండి. ‘బూట్లు తడిగా ఉన్నాయి’ చూసిన సంగతి. ‘వాన పడినట్టుంది’ దానికి అతను వెతుక్కున్న కారణం. ‘మూడు గీతలు’ చూసింది, ‘పిల్లి పని’ వెతుక్కున్నది. మామూలు మనిషి పొద్దున్నే లేచి చూసిన ప్రతిదానికీ కారణం చెప్పుకోడు. ఇతను ఒక వింత కనపడగానే ఊపిరి తీసుకోకుండా దాని మీద ఒక కారణం కప్పేస్తున్నాడు. కారణాలు కొట్టేసి, చూసినవి మాత్రం మిగల్చండి: సోఫా, తడి బూట్లు, గీతలు, మూసిన తలుపు. నాలుగు మాటల్లో కథ ఎంత మారిపోయిందో చూడండి.

తర్వాత ఆ కారణాల్ని గదితో సరిచూడండి. పెరట్లో మట్టి పొడిగా ఉందంటే వాన కారణం నిలవదు. గిన్నెకు దుమ్ము పట్టిందంటే ఆ ఇంట్లో పిల్లి తిని చాలా రోజులైంది. ఫోన్‌లో సోమవారం అంటే అతనికి తెలియకుండా పోయింది ఒక్క రాత్రి కాదు, ఇంకో పగలూ రాత్రీ కలిపి. ఈ మూడింట్లో నాకు ముఖ్యమైనది ఫోన్. మొదటి రెండూ అతని మాటలు తప్పని చెప్తాయి. ఇది మనం వెతకాల్సిన చీకటి ఎంత పెద్దదో చెప్తుంది. చాలామంది కథకుడు చెప్పిన ఖాళీలోనే వెతుకుతారు, అతని కొలత సరైనదో కాదో చూడరు.

ఇక మిగిలింది ‘మేమేం గొడవపడలేదు’. ఎవరడిగారు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. చూసిన సంగతీ కాదు, కారణమూ కాదు, అడగని ప్రశ్నకు జవాబు. ఇలాంటి వాక్యం దొరికితే ఎర్ర సిరాతో గీత గీయండి.

అయితే ఇతను అబద్ధాలకోరా, తెలియక పూరించుకుంటున్నాడా? మాటల్లో ఈ తేడా తేలదు. చేతల్లో తేలుతుంది. కన్‌ఫ్యాబులేషన్‌లో ఉన్నవాడికి భయపడాల్సింది ఏమీ తెలియదు కాబట్టి తమ్ముడి తలుపు తీస్తాడు, లోపల ఏదైనా కనపడితే బిత్తరపోతాడు. ఇతను తీయడు. ఆట మనకు ఆ తలుపు తీసే అవకాశమే లేకుండా చేసింది. ఇది నవలకు లేని, ఆటకు మాత్రమే ఉన్న సాధనం. కథకుడు నోటితో ఏం చెప్పినా, అతను మనల్ని ఏ పని చేయనివ్వడో అక్కడ అతనికి తెలిసినదేదో ఉంది. పూర్తిగా తెలిసి ఉండాల్సిన పని లేదు, అనుమానం ఉన్నా చాలు.

ఇక్కడిదాకా వచ్చాక చాలామంది ‘తమ్ముణ్ణి చంపి చెరువులో పడేశాడు’ అని రాసేస్తారు. ఆగండి. మన దగ్గర ఉన్నవి చెప్పేది ఇంతే: అతను బయటికి వెళ్లాడు, నీళ్లలోకి దిగి ఉండొచ్చు, ఎవరో అతని చేతిని గట్టిగా పట్టుకున్నారు. మునిగిపోతున్న మనిషి కాపాడటానికి వచ్చినవాడి చేతినే గీరుతాడు. కాపాడబోయి కాపాడలేకపోయినవాడు కూడా ఆ తలుపు తీయడు. ఈ రెండు కథలకూ ఇదే గది సరిపోతుంది. ఒక రుజువు రెండు కథలకూ సరిపోతుంటే అది ఏ కథకూ రుజువు కాదని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. ఎటు మొగ్గాలో తేల్చడానికి ఇంకో గది కావాలి, ఇంకో మనిషి సాక్ష్యం కావాలి.

తప్పు ఎక్కడ మొదలైంది?

‘ఏం జరిగింది’, ‘ఎవరిది తప్పు’ అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది పూర్తిగా తేలకపోయినా రెండోదానికి చాలావరకు జవాబు చెప్పొచ్చు.

గుర్తులేదు కాబట్టి తప్పు లేదు అనే వాదన ఆటల్లో తరచూ వినపడుతుంది. కోర్టులు ఇలా ఆలోచించవు. ఇంగ్లండులో 1959 నాటి పోడోలా కేసులో నిందితుడు తనకేమీ గుర్తులేదన్నాడు. ఆ మతిమరుపు నిజం కాదని జ్యూరీ తేల్చింది. ఒకవేళ నిజమే అయినా, అదొక్కటే అతన్ని విచారణకు తగనివాడిగా చేయదని అప్పీలు కోర్టు చెప్పింది. ఆ పని చేసిన క్షణంలో అతని బుద్ధి ఎలా ఉందన్నది ఒక ప్రశ్న, ఇప్పుడు గుర్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. రాత్రి పూర్తి తెలివితో చేసింది కూడా పొద్దునకు గుర్తుండకపోవచ్చు.

మన నిద్రమాత్ర మనిషి దగ్గరికే వద్దాం. కొన్ని రకాల నిద్రమాత్రలు వేసుకున్నవాళ్లు పూర్తిగా మెలకువ రాకుండానే లేచి నడవడం, కారు నడపడం జరిగింది. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జోల్పిడెమ్ లాంటి మందుల మీద దీని గురించి తన అతి తీవ్రమైన హెచ్చరిక ముద్రించమని ఆదేశించింది. అంటే ఆ రాత్రి అతను చేసింది అతని అదుపులో లేకపోయి ఉండొచ్చు. మరి చివరి వాక్యంలో ‘ఈసారి’ అన్నాడే? ఈసారి తాళాలు ఎక్కడ పడేశానో అంటే ఇంతకుముందూ ఇలా జరిగింది, అది అతనికి తెలుసు. తెలిసీ మాత్ర వేసుకున్నాడు, తాళాలు అందుబాటులోనే ఉంచుకున్నాడు. చీకటి నిమిషంలో అతని తప్పు సున్నా అనుకున్నా, తొమ్మిది గంటలప్పుడు సున్నా కాదు. ‘ఈసారి’ అనే ఒక్క మాట అతన్ని బాధితుడి పక్కనుంచి తీసి మధ్యలో నిలబెట్టింది. ఇలాంటి మాటల్ని ఆటలు హడావిడి సంభాషణల మధ్య పారేస్తాయి.

డిస్కో ఎలీజియం (2019) ఈ ‘ముందు’ను మొత్తం కథగా మార్చేసింది. డిటెక్టివ్ ఒక హాస్టల్ గదిలో లేస్తాడు, తన పేరు కూడా గుర్తుండదు. తాగుడుతో సొంత పేరు సహా జీవితం మొత్తం తుడిచిపెట్టుకుపోవడం వైద్యపరంగా అతిశయోక్తే, కథ కోసం సర్దుకుపోవచ్చు. చూడాల్సింది ఊళ్లోవాళ్లను. అతనికి గుర్తులేనిదంతా వాళ్లందరికీ గుర్తుంది. గది పాడు చేసినందుకు, బస చేసినందుకు హాస్టల్ మేనేజర్ 130 రియాల్ కట్టమంటాడు. అతని పోలీసు బండి సముద్రంలో మునిగి దొరుకుతుంది. ‘అది నేను కాదు, నాకు గుర్తులేదు’ అంటే ఎవరూ మాఫీ చేయరు. గుర్తులేని పనులకు క్షమాపణ చెప్పొచ్చా, చెప్తే అందులో నిజాయితీ ఎంత అనే ప్రశ్న ఆట పొడుగునా వెంటాడుతుంది. బ్లాకౌట్ కథల్లో ఇంత పెద్దమనిషి తరహాలో ప్రవర్తించిన ఆటను నేను ఇంకోటి చూడలేదు.

ఆమ్నీషియా: ద డార్క్ డిసెంట్ (2010) ఒక అడుగు ముందుకెళ్లింది. 1839లో ఒక కోటలో లేచిన డానియెల్‌కు తన చేతిరాతతోనే ఒక చీటీ దొరుకుతుంది. నువ్వే కావాలని మరిచిపోయావు, వెళ్లి ఆ కోట యజమాని అలెగ్జాండర్‌ను చంపు అని. కోటలో ఖైదీల్ని చిత్రహింసలు పెట్టడంలో డానియెల్‌కు భాగముందని మెల్లగా తేలుతుంది. మరుపు మందు తాగడం అతను తీసుకున్న ఆఖరి నిర్ణయాల్లో ఒకటి. ఇక్కడ ఖాళీయే నేరంలో ఒక భాగం, సాక్ష్యం తగలబెట్టడం లాంటిది. పైగా చీటీలో ఏం రాయాలో కూడా పాత డానియెల్ ఎంచుకున్నాడు. తన తప్పుల జాబితా పెట్టలేదు, శత్రువు పేరు పెట్టాడు. కథకుడు తనకు తానే రాసుకున్న ఉత్తరం, డైరీ, రికార్డింగ్ ఏది దొరికినా, అందులో ఉన్నదాని కన్నా వదిలేసినదాని గురించి ఎక్కువ రాసుకోండి.

‘వెనక’ సంగతికి ఫారెన్‌హీట్ (2005) మొదటి పది నిమిషాలు చాలు. లూకస్ కేన్ ఒక చిన్న హోటల్ బాత్రూంలో ఎవరో ఆవహించినట్టు ఒక మనిషిని పొడిచి చంపుతాడు. తెలివొచ్చేసరికి ఎదురుగా శవం. ఆ చంపడంలో అతని ఇష్టం లేదని ఆట మనకు సూటిగా చూపిస్తుంది, అందులో దాపరికం లేదు. అక్కడ్నుంచి కంట్రోలర్ మన చేతికిస్తుంది. బయట ఒక పోలీసు కూర్చుని ఉన్నాడు. శవాన్ని మరుగుదొడ్డిలోకి లాగుతామా, నేల తుడుస్తామా, చేతులు కడుక్కుంటామా, బయటికొచ్చి బిల్లు కట్టి నింపాదిగా వెళ్తామా? ఇవన్నీ పూర్తి తెలివితో చేసేవి. కత్తి పోటుకు లూకస్ బాధ్యుడు కాకపోవచ్చు. నేల తుడిచినదానికి బాధ్యుడే, నేల తుడిచింది మనమే కాబట్టి మనకూ వాటా ఉంది. తిలాపాపం తలా పిడికెడు.

సైలెంట్ హిల్ 2 ఈ వాటాను మనకు చెప్పకుండా లెక్క కడుతుంది. 2001 నాటి మూల ఆటలో ముగింపు ఏది వస్తుందన్నది చివర్లో ఏదో మెనూలో ఎంచుకునేది కాదు. గాయాలతో అలాగే తిరిగారా, వెంటనే మందు వాడారా, ఏంజెలా అనే పాత్ర వదిలిన కత్తిని తీసి తీసి చూశారా, మేరీ ఫొటో చూశారా, ఇవన్నీ ఆట గమనిస్తూ ఉంటుంది. కత్తిని చూస్తూ, గాయాల్ని పట్టించుకోకుండా తిరిగితే జేమ్స్ తనను తాను శిక్షించుకునే ముగింపు వైపు కథ మొగ్గుతుంది. అందుకే ‘జేమ్స్‌ను క్షమించొచ్చా’ అని ఇద్దరు వాదించుకునే ముందు, ఇద్దరూ ఆడింది ఒకే జేమ్స్‌నా అని కనుక్కోవాలి. నా మట్టుకు నాకు, జేమ్స్ చేసినదాంట్లో దిండు కన్నా బరువైనది ఆ చిన్నపిల్లను అబద్ధాలకోరు అనడం. దిండు వెనక జబ్బు ఉంది, అలసట ఉంది, ఆమె బాధ ఉంది, అతని కోపమూ ఉంది. ఆ పిల్లను కసిరినప్పుడు మాత్రం నిజం అతని ముందుకొచ్చి నిలబడింది, అతను దాన్ని తోసేశాడు. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఆ దృశ్యం మళ్లీ ఆడి, అతని మాటలు రాసుకుని, పైన చేసినట్టే చూసినవీ వెతుక్కున్నవీ విడదీసి చూడండి.

ఈ వారం అభ్యాసం

మీరు ఆడుతున్న ఆటలోంచి ఒక బ్లాకౌట్ తీసుకోండి. ఆటే డప్పు కొట్టి చూపించినది వద్దు, వీలైతే మీరు కనిపెట్టినది తీసుకోండి. అది మొదలవడానికి ముందు కథకుడు చివరగా చేసిన పని, తేరుకున్నాక మొదటగా చేసిన పని రాయండి. ఎంత సమయం పోయిందని అతనంటున్నాడో, గడియారం, వాతావరణం, ఫోన్, ఇతరుల మాటలు ఎంతంటున్నాయో పక్కపక్కన పెట్టండి. ఆ చీకటిలో జరిగినదానికి కనీసం రెండు కథలు రాయండి, రెండూ అదే రుజువులకు సరిపోవాలి. రెండో కథ రాయడం విసుగ్గా ఉంటుంది, తప్పించుకోకండి.

ఆఖరున, చీకటి నిమిషాన్ని పూర్తిగా పక్కన పెట్టేసి, ముందూ వెనకా ఉన్న పనుల మీద మాత్రమే అతని తప్పు ఎంతో ఒక పేరాలో రాయండి. పేరాలో ‘బహుశా’ ఎన్నిసార్లు వచ్చిందో చూసుకోండి. మరీ ఎక్కువైతే మీరు మళ్లీ చీకట్లోకి దూరారన్నమాట, ఆ వాక్యాలు కొట్టేసి మళ్లీ రాయండి.

నేను రాసిన గదితోనే చేస్తామంటే దానికి ఇంకో రెండు వస్తువులు కలుపుతున్నాను. సోఫా కింద ఒక తడి తువ్వాలు, రెండుగా మడిచి ఉంది. కారు తాళాలు తమ్ముడి గది తలుపుకు బయట, నేల మీద ఉన్నాయి. కాపాడబోయాడన్న కథ, చంపాడన్న కథ, ఈ రెండింట్లో దేనికి బలం పెరిగిందో, ఎందుకో రాయండి. వచ్చే పాఠం ఆ తువ్వాలుతోనే మొదలవుతుంది. అందులో ఒకే సంఘటనను ఇద్దరు నమ్మదగని కథకులు చెప్తున్నప్పుడు ఏం చేయాలో చూద్దాం.